బాయిలర్‌లో సముద్రం

"నీ కొడుకుని అడగవే, ఆ డీజిలు ఇంజను వాళ్ళు ఎన్నింటికి వస్తారో," అన్నాడు కామరాజు.

కొడుకు ఎక్కడో లేడు. బల్లకి అవతల, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని ఉన్నాడు.

"మూడింటికని నాన్నకి చెప్పమ్మా," అన్నాడు గోపి, పళ్ళెంలో ఇడ్లీలకేసి చూస్తూ.

చిట్టెమ్మ చట్నీ గిన్నె ఠపీమని పెట్టింది. "ఏవిట్రా ఇది? నిన్నటి నించి ఈయన మాట అటు, నీ మాట ఇటు మోసి మోసి నా నోరు నొప్పెడుతోంది. నేనేవన్నా టెలిఫోను తీగనా? ఇద్దరికీ నోళ్ళు లేవూ?"

హేమశ్రీకి నవ్వొచ్చింది. పెళ్ళై నలభై మూడు రోజులే. ఈ ఇంట్లో కోపాలు కూడా ఆమెకి ఇంకా కొత్తే. మల్కాపురంలో ఈ రెండు గదుల వాటాలో, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉంటే పొద్దున్నే చూసి సంబరపడిపోయే మనిషి ఆమె. కానీ ఇవాళ నవ్వితే బాగుండదని పెదవి కొరుక్కుంది.

"డీజిలు ఎందుకో కూడా చెప్పమ్మా నాన్నకి," గోపి గొంతు పెరిగింది. "నిన్న నేను కూత తాడు లాగాను. ఆవిరి రావలసిన చోట నీళ్ళు తన్నుకొచ్చి నా చొక్కా మీద పడ్డాయి. అరగంటకి చొక్కా ఆరితే దాని మీద ఉప్పు తేలింది. ఉప్పమ్మా! సోమవారం స్టీమరు నీళ్ళలోకి దిగిందో లేదో, బాయిలర్ నిండా సముద్రం పోసేశారు. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇది చూపిస్తే సంతకం పెడతాడా? పాపికొండల కార్తీకమాసం ట్రిప్పులకి ద్వారకా నగర్ బుకింగ్ ఆఫీసులో ఫోను మోగుతూనే ఉంది. వాళ్ళకి ఏం చెప్పను?"

"పోసినవాణ్ణి తీసేశావుగా," అంది చిట్టెమ్మ.

"నిప్పు చూసే నూకాల్ని తీసేస్తే ఉప్పు పోతుందా? అందుకే అసలు బాయిలరే తీసేస్తున్నాను. అచ్యుతాపురం నుంచి ఇంజను వస్తుంది. మీట నొక్కితే కదులుతుంది. మనకీ గోల వదులుతుంది."

కామరాజు చేతిలో ఇడ్లీ ముక్క నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. హేమశ్రీ మామగారి కేసి చూసింది. ఆయన చూడలేదు. ముక్క పళ్ళెంలో పెట్టేసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన ఎందుకు చూడలేదో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

సోమవారం పొద్దున్న సంగతి. ఫిషింగ్ హార్బర్ పక్కన, గోపి పనిచేసే రిపేరు యార్డులో, రాజమండ్రి నుంచి సముద్రం మీదుగా లాక్కొచ్చి అడుగురేకులన్నీ కొత్తవి వేయించిన 'సుబ్బాయమ్మ' స్టీమరు జారుడు పట్టాల మీంచి నీళ్ళలోకి దిగింది. కొబ్బరికాయ కొట్టారు. గోపి పూలదండ సరిచేస్తున్నాడు. నూకాలు కర్రలు తేవడానికి వెళ్ళాడు. కామరాజు ఇంజను గదిలోంచి తల పైకెత్తి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా. ఆ గోడనున్న నీళ్ళ కాక్ తిప్పు. నీ చేత్తో మొదటి నీళ్ళు పడనీ," అన్నాడు.

ఎంత మురిసిపోయిందో హేమశ్రీ! పెళ్ళి గాజులు గలగలలాడుతుంటే రెండు చేతులా ఆ ఇత్తడి చక్రం తిప్పింది. స్టీమరు పక్కనున్న నీళ్ళు గొట్టంలోంచి బాయిలర్లోకి గుడగుడమని పోతుంటే ఆ చప్పుడికి చిన్నపిల్లలా నవ్వింది. యాభై ఏళ్ళుగా కామరాజు ఆ బాయిలర్‌కి అలాగే నీళ్ళు పట్టాడు. పడవ పక్కన గోదావరి ఎప్పుడూ ఉంటుంది, అది ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. కాక్ తిప్పితే చాలు. ఆయన చెయ్యి ఏ ఊళ్ళో ఉన్నదీ మర్చిపోయింది.

ఆయనైతే నది మనిషి. మరి తనో? బి.యస్సీ. కెమిస్ట్రీ చదివింది. పుట్టింది తగరపువలసలో. భీమిలి సముద్రం చూస్తూ పెరిగింది. తను చూసింది ఇత్తడి చక్రాన్నే గానీ నీళ్ళని కాదు.

నిన్న గోపి ఉప్పు చొక్కాతో ఎగురుతుంటే, ఎవరూ అడగకముందే నూకాలు ముందుకొచ్చి, "నానే తిప్పినాను బాబూ," అనేశాడు. మామగారు నోరు తెరవలేదు. తను తెరుద్దామనుకుంటే, ఎవరు తిప్పమన్నారన్న ప్రశ్న వస్తుంది. ఆ జవాబు కోడలి నోట రావడం ఎలా?

హేమశ్రీ చీర కొంగు నడుములో దోపుకుంది.

"ఏవండీ, మూడింటి దాకా బాయిలర్‌ని ఎవరూ ముట్టుకోరు కదా?"

"ఎందుకు?"

"కడుగుతాను."

గోపి మొదటిసారి తలెత్తాడు. "బాయిలరంటే ఇడ్లీ పాత్ర కాదు హేమా."

"ఇడ్లీ పాత్ర మాత్రం మీరెప్పుడు కడిగారని? ఆ తేడా మీకెలా తెలుస్తుంది?"

చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోపి చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులంటే హేమశ్రీకి ఎంతో ఇష్టం. అయినా ఇప్పుడు మెత్తబడే వేళ కాదు.

"మంచినీళ్ళ ట్యాంకరు తెప్పిస్తాను. నింపి, తోడి, మళ్ళీ నింపి, కాచి, మళ్ళీ తోడతాను. నీళ్ళలో ఉప్పుందో లేదో చెప్పే మందు నాతో చదివిన మా కీర్తన పనిచేసే కాలేజీ లాబ్‌లో ఉంది, అడిగి తెస్తాను. రెండు చుక్కలు వేస్తే తెలిసిపోతుంది. ఉప్పు లేకపోతే బాయిలర్ ఉంచుతారా?"

"చూద్దాం."

"చూద్దాం అంటే ఏటి? ఉంచుతానని చెప్పండి."

"ఏటి అంటే ఏవిటమ్మా?" అంది చిట్టెమ్మ, కోడలి యాసని ఆటపట్టించే అవకాశం ఇంత గొడవలోనూ వదులుకోలేక.

"ఏటి అంటే ఏటే అత్తయ్యగారూ. మీ అబ్బాయికి అర్థమైందిలెండి."

గోపి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మూడు గంటలకి ఉప్పు లేదని చూపించు, ఉంచుతాను. ఉంటే మాత్రం బోల్టులు విప్పించేస్తాను. అప్పుడు ఇంకో మాట వద్దు."

"వద్దు," అంది హేమశ్రీ.

* * *

నూకాలు హార్బర్ గేటు దగ్గర టీ బడ్డీలో దొరికాడు. తీసేసినా వెళ్ళడానికి వేరే చోటు తోచక అక్కడే కూర్చున్నాడు.

"నువ్వు రావాలి నూకాలన్నా. నిప్పు పెట్టడం నాకు రాదు."

"నన్ను తీసీసినారు కదమ్మా."

"తిప్పింది నువ్వు కాదు. నాను. ఆ మాట ఎందుకన్నావు?"

నూకాలు గ్లాసులో మిగిలిన టీ చూసుకున్నాడు. "ఆరు సీజన్ల నుంచి పెద్దాయన కాడ ఉన్నాను. నిప్పు ఎలగ మాటాడతాదో ఆయనే నేర్పినాడు నాకు. మీ ఆయన అలగ గంతులేత్తంటే, ఆ ముసిలాయన మొకం సూడలేకపోనాను. అయినా మీ ఆయనకి బుర్ర ఉండక్కర్లేదేటమ్మా? జాలరిపేటలో పుట్టినోడ్ని, నాను బాయిలర్లో ఉప్పునీల్లు పోత్తానా?"

హేమశ్రీ నవ్వేసింది. నూకాలు కూడా నవ్వి, గ్లాసు బోర్లించి లేచాడు.

తొమ్మిదిన్నరకి ట్యాంకరు వచ్చింది. మొదటిసారి నింపి, తోడారు. తోడిన నీళ్ళ రంగు స్టీలు గ్లాసులో తెలియదని, అత్తగారి గాజు గ్లాసు ఒకటి హేమశ్రీ అడక్కుండానే తెచ్చేసుకుంది. గోధుమరంగు సీసాలోంచి రెండు చుక్కలు వేసింది. గ్లాసులో తెల్లగా, పాలు విరిగినట్టు, గడ్డలు గడ్డలుగా కట్టింది.

"ఓలమ్మో," అన్నాడు నూకాలు.

"మళ్ళీ నింపు," అంది హేమశ్రీ. మందు తగిలిన వేళ్ళు అప్పుడే నల్లబడుతున్నాయి. పెళ్ళి గోరింటాకు ఎర్రటి గోళ్ళ పక్కన ఆ నలుపు చూసుకుంటే ఆమెకి ముచ్చటేసింది కూడా.

ఈసారి నిప్పు పెట్టారు. సరుగుడు కర్రలు చిటపటలాడాయి. ఇంజను గది మెట్టు మీద కామరాజు కూర్చుని ఉన్నాడు. ఇంటి దగ్గర్నుంచి ఒకే ఆటోలో వచ్చినా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

"మావయ్యగారూ, ఇది మీ తాతగారు కొన్నదేనా?" హేమశ్రీ బాయిలర్ మీద గుడ్డతో తుడుస్తూ అడిగింది. సంగతి ఆమెకి తెలుసు. ఆయన చేత మాట్లాడించాలని అడిగింది.

"ఆయ్," అన్నాడు కామరాజు. "మా నాయనమ్మ పేరే పెట్టాడు. రాజమండ్రి రేవులో తెల్లారగట్ల బయల్దేరితే పోలవరంలో కర్రలు ఎక్కించుకుని, కూనవరం మీదుగా భద్రాచలం. ఎదురు ప్రవాహం మీద రెండు రోజులు. కింద చింతపండు బస్తాలు, వెదుళ్ళు. పైన ఆడవాళ్ళు, పెళ్ళివారు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే ముందు ఒకడు వెదురుగెడ గుచ్చుతూ లోతు పాడుతుండేవాడు. గెడ ఇసకలో దిగిందంటే ఇంజను ఆపెయ్యాలి. మా కూత వింటే దేవీపట్నంలో ఆడవాళ్ళు ఎసరు పెట్టేవారమ్మా. వాళ్ళకి గడియారాలెందుకూ?"

"మరి ఎందుకు ఆగిపోయింది?"

"రోడ్డు పడింది. రెండు రోజుల దారి బస్సు ఒక్క పూటలో తీసుకుపోతానంది. ఎవరుంటారు? ఇరవై రెండేళ్ళు రేవులో కట్టేసి ఉంచాను. ఆదివారం ఆదివారం వెళ్ళి గ్రీజు పెట్టి, నీళ్ళు పట్టి, కాసి, వదిలేసేవాణ్ణి. ఊళ్ళో నాకు పిచ్చన్నారు. వీడొచ్చి, నాన్నా, జనం తొందరపడకుండా వెళ్ళడానికి కూడా టిక్కెట్టు కొంటారు, పాపికొండల దాకా తిప్పుదాం అన్నాడు. వీడే. కూత కోసం చిన్నప్పుడు నా భుజాలెక్కి తాడు లాగినవాడు."

తర్వాత అన్నది చాలా మెల్లగా అన్నాడు.

"వాడి చేతిలోనే ఆ కూత చేత ఉప్పు కక్కించాను."

హేమశ్రీ గుడ్డ పక్కన పెట్టింది. "మీరు ఒక్కరే కాదు. తిప్పిన చెయ్యి నాది. ఆయనకి చెప్పేద్దాం మావయ్యగారూ."

"డెబ్భై ఒకటమ్మా నాకు. ఈ మాట చెప్తే వాడు నన్ను తిట్టడు. తిడితే బాగుణ్ణు. ముసలాడికి మతి తప్పుతోందని జాలిపడతాడు. ఆ రోజునించీ దీన్ని ముట్టుకోనివ్వడు."

పన్నెండున్నరకి చిట్టెమ్మ కేరేజీ తెచ్చింది. నలుగురూ డెక్కు మీద కూర్చుని వంకాయ కూరా అన్నం తిన్నారు. కామరాజు రెండు ముద్దలకే లేచిపోయాడు. భర్త వదిలేసిన పళ్ళెం కేసి చూసి చిట్టెమ్మ కోడల్ని ఏమీ అడగలేదు. తనకి ఏదో తెలుసని మాత్రం గాజు గ్లాసు కడిగి ఆమె చేతికిస్తూ చూసిన చూపు చెప్పింది.

* * *

మూడవడానికి పది నిమిషాలుంది. గోపి జెట్టీ మీద నడిచొస్తున్నాడు. వెనకాల డీజిలు ఇంజను వాళ్ళు ఇద్దరు, ఒకడి చేతిలో టేపు, ఒకడి చేతిలో పెద్ద పానాల సంచీ.

హేమశ్రీ గ్లాసులో నీళ్ళు పట్టింది. రెండు చుక్కలు వేసింది.

గడ్డలు కట్టలేదు. కానీ తేటగానూ లేదు. గంజినీళ్ళలా పలచటి తెలుపు మెల్లగా గ్లాసంతా పరుచుకుంది.

"చూశావా?" అన్నాడు గోపి.

"పొద్దున్న విరిగిన పాలలా ఉంది. ఇప్పుడు ఇంతే మిగిలింది. ఇంకొక్క గంట చాలండీ. ఆవిరి గేజి ముల్లు ఇరవైకి వస్తే, ఆ ఒత్తిడి మీద కింద వాల్వు తెరిస్తే మూలల్లో ఉన్నదంతా తన్నుకుని బయటికి పోతుంది. ఇప్పుడు పన్నెండులో ఉంది."

"మూడు గంటలన్నాం."

"అన్నాం. ఇంకొక్క గంట అడుగుతున్నాను."

"సార్, వేడి మీద ముట్టుకోలేం," అన్నాడు పానాల సంచీ వాడు. "నిప్పు లాగించెయ్యండి. చల్లారాక విప్పుతాం."

గోపి ఇంజను గదిలోకి తొంగి చూశాడు. అక్కడ నూకాలు కనిపించాడు.

"నువ్వెందుకొచ్చావ్? సరే, వచ్చావుగా. నిప్పు లాగెయ్."

నూకాలు కదల్లేదు. "నన్ను తీసీసినారు కద బాబూ. తీసీసినోడికి పని సెప్తారేటి?"

"నూకాలూ!"

"అతని మీద అరవకండి," హేమశ్రీ భర్తకి అడ్డంగా నిలబడింది. "సోమవారం కాక్ తిప్పింది అతను కాదు. నానే."

గోపికి కాసేపు అర్థం కాలేదు. "నువ్వా?"

"నేనే."

"బాయిలర్‌కి నీళ్ళెక్కడ పట్టాలో నీకేం తెలుసు? ఎవరు తిప్పమన్నారు?"

హేమశ్రీ చేతిలో గ్లాసు కేసి చూసింది. నీళ్ళ మీద ఎక్కడో ఒక బోటు ఇంజను టకటకమంటోంది. చిట్టెమ్మ జెట్టీ మీద కేరేజీ గిన్నెలు సర్దడం ఆపేసింది.

"అడుగుతున్నాను కదా. ఎవరు తిప్పమన్నారు?"

"నేను తిప్పమన్నాన్రా," అన్నాడు కామరాజు.

నిన్నటి నించి తండ్రి కొడుకుతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆయన మెట్టు మీంచి లేచి నిలబడ్డాడు. "గోదావరి అనుకున్నాను. అనుకోడం కూడా కాదు, అలవాటుగా అనేశాను. నూకాలుకి ఏ పాపం తెలీదు. నా పరువు కోసం వాడు మీదేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను. అది కాక్ తిప్పించినదానికంటే పెద్ద తప్పు." నూకాలు కేసి తిరిగి, "నన్ను క్షమించరా అబ్బాయ్," అన్నాడు.

"అయ్యో, ఊరుకోండి పెద్దయ్యా," అని నూకాలు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకోసాగాడు.

గోపి మొహంలో కోపం పోయింది. పోయి అక్కడికొచ్చినదాన్ని చూస్తే హేమశ్రీకి ఇంకా భయమేసింది.

"నిన్న నేను వాణ్ణి పొమ్మంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు నాన్నా."

"ఉన్నాను."

"పక్క నీళ్ళు రుచి చూడకుండా కాక్ ముట్టుకోవద్దని నాకు ఏడేళ్ళప్పుడు నేర్పింది నువ్వు. పోలవరంలో వరద నీళ్ళు బురదగా ఉన్నాయని దోసిట్లో పట్టి చూపించావు."

"చూపించాను."

"శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి, దీన్ని నడిపేదెవరని అడిగితే నీ పేరెలా చెప్పను? నూట ఇరవై మందిని ఎక్కిస్తాం. వాళ్ళలో పిల్లలుంటారు."

కామరాజు తన చేతులు రెండూ ఒకసారి చూసుకున్నాడు.

"చెప్పకు," అన్నాడు. "నన్ను దించెయ్. బాయిలర్‌ని ఉంచు. తప్పు చేసింది ఇనుము కాదు."

గోపి ఒకసారి ఇంజను గది కేసి చూశాడు. తిరిగి అన్నప్పుడు గొంతు గట్టిగానే ఉంది.

"అయితే దిగు నాన్నా."

"ఒరేయ్ గోపీ!" అంది చిట్టెమ్మ.

కామరాజు ఆమెని చేత్తో వారించాడు. చెప్పులు వేసుకున్నాడు. చెక్క పలక మీదుగా, ఎవరి సాయం లేకుండా, జెట్టీ మీదికి దిగాడు.

హేమశ్రీ ఒక్క క్షణం ఆలోచించింది. ఒక్క క్షణమే. గాజు గ్లాసు, గోధుమరంగు సీసా జాగ్రత్తగా డెక్కు మీద పెట్టి, కుచ్చిళ్ళు పైకెత్తుకుని ఆమె కూడా పలక మీద అడుగేసింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు గోపి.

"తిప్పమన్న నోరు దిగితే, తిప్పిన చెయ్యి దిగొద్దా? న్యాయం అందరికీ ఒకటే కదండీ."

"హేమా, ఆటలా?"

"నేను ఆడట్లేదు. మీరు ఇంకొక్క గంట ఇస్తే మళ్ళీ ఎక్కుతాను. ఇవ్వకపోతే మావయ్యగారితో ఆటోలో ఇంటికెళ్ళి రాత్రికి వంట చేస్తాను. మీకేం కోపం వద్దు. చారు కూడా పెడతాను."

నూకాలు బొగ్గుమసి చేతులు పంచెకి తుడుచుకుని ఆమె వెనకాలే దిగాడు. "నాను నిన్ననే దిగిపోయినోడ్ని బాబూ. ఇయ్యాల గుర్తులేక ఎక్కీసినాను."

ఇప్పుడు స్టీమరు మీద గోపి, డీజిలు ఇంజను వాళ్ళిద్దరూ మిగిలారు. కింద గదిలో నిప్పు తన పని తను చేసుకుపోతోంది.

"సార్, నిప్పు ఎవరు లాగుతారు?" అన్నాడు టేపు వాడు. "మాకు దాని సంగతి తెలీదండీ."

"ముల్లు పదమూడుకొచ్చింది," అన్నాడు రెండోవాడు, లోపలికి వంగి చూసి, కంగారుగా వెనక్కి జరుగుతూ. "అది పెరుగుతుందా సార్?"

గోపి జెట్టీ కేసి చూశాడు. తండ్రి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తల్లి కేరేజీ ఒళ్ళో పెట్టుకుని తాళ్ళు కట్టే గుంజ మీద కూర్చుంది. పెళ్ళాం నడుం మీద చేతులేసుకుని, నల్లబడ్డ వేళ్ళతో, కళ్ళార్పకుండా తననే చూస్తోంది.

అతను వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. కూత తాడు లాగడమే తప్ప, నిప్పు దగ్గర అతను ఒక్క రోజు పనిచేసినవాడు కాదు. ఇనప మెట్ల మీద ఒక్కొక్కటే దిగి కిందికి వెళ్ళిపోయాడు.

"నీల్ల మట్టం సూపే గాజు మీద కన్నేసి ఉంచండి బాబూ!" నూకాలు ఇక ఉండబట్టలేక కేకేశాడు.

కింద నుంచి పొయ్యి తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇనుము ఇనుముకి రాసుకున్న చప్పుడు.

"కొక్కెం తీసినాడు," అన్నాడు నూకాలు మెల్లగా. "నిప్పు బయటికి లాగినా ఆ కొక్కెమే. కర్రలు లోపలికి తోసినా ఆ కొక్కెమే."

కామరాజు సముద్రం వైపు నుంచి తిరిగాడు. చిట్టెమ్మ లేచి నిలబడింది. హేమశ్రీకి తెలియకుండానే ఆమె చెయ్యి వెళ్ళి మామగారి మోచెయ్యి పట్టుకుంది.

నలుగురూ తలలెత్తి పొగగొట్టం కొస కేసి చూస్తూ నిలబడ్డారు. పొగ పలచబడింది. ఇంకా పలచబడింది. గొట్టం అంచున ఆకాశం నీలంగా కనిపించేంత పలచబడి, అక్కడ ఆగి, కొత్త కర్రలు అంటుకున్న నల్లటి పొగతో మళ్ళీ చిక్కబడింది.